అతిథికి మన తీరములో ఏమి చూపుదము?

వాక్యభాగములు: కీర్తనలు 48:12-14, యోహాను 1:43-51, లూకా 24:13-35



క్రిస్మసు మొదలుకొని సంక్రాంతి వరకు మన పల్లెలు నిండుగా నుండును. విశాఖపట్నము, హైదరాబాదు, చెన్నై మొదలగు చోట్లకు కూలికో కొలువుకో వెళ్లిన మన పిల్లలు ఇల్లు చేరుదురు. వారితోకూడ కోడండ్రు, అల్లుండ్రు, మనుమలు, స్నేహితులు వత్తురు. రెండు దినములు గడచిన పిమ్మట ఆ పిల్లలలో ఎవడో ఒకడు, "తాతా, మీ ఊళ్ళో చూడ్డానికి ఏముంది?" అని యడుగును. మన పెద్దల జవాబు మనకందరికి తెలిసినదే: "ఏటుంది నాయనా, ఇటు సూస్తే ఇసక, అటు సూస్తే ఉప్పు."

ఈ జవాబు వినయమువలె కనబడును. నిజమునకు దానిలో వినయముకంటె మరపు ఎక్కువ. దేవుడు మన చేతిలో పెట్టినదానిని మనమే లెక్కింపక, లెక్కింపవలదని బిడ్డకు నేర్పుచున్నాము. ఆ బిడ్డ పట్నము తిరిగి వెళ్లి, తన తాత ఊళ్ళో ఏమియు లేదని తన స్నేహితులతో చెప్పును. ఒక తరము గడచునప్పటికి అది నిజమే యని అందరును నమ్ముదురు.

యోహాను సువార్త మొదటి అధ్యాయములో ఇట్టి మాటే పలికిన ఒక మనుష్యుడున్నాడు. నజరేతునుండి మంచిదేదైనను వచ్చునా యని నతనయేలు సందేహపడెను. ఈ నతనయేలు ఎక్కడివాడు? అదే సువార్త 21వ అధ్యాయము ప్రకారము అతడు గలిలయలోని కానా ఊరివాడు. యెరూషలేము పండితుడు కాడు, రోమా అధికారి కాడు, ఆ ప్రాంతపు పల్లెవాడే. దగ్గరనున్న ఊరిని చులకన చేయుటకు పరదేశి రానక్కరలేదు, మనమే చాలుదుము. ఫిలిప్పు అతనితో వాదింపలేదు. వచ్చి చూడుమని మాత్రమే పిలిచెను. నతనయేలు వచ్చెను, చూచెను, దేవుని కుమారుని కనుగొనెను.

48వ కీర్తన సీయోను చుట్టు తిరిగి, దాని బురుజులను లెక్కించి, ప్రాకారములను శ్రద్ధగా చూడుమని చెప్పుచున్నది. ఈ ఆజ్ఞ ఎవరికి? బయటినుండి వచ్చిన యాత్రికులకు మాత్రమే కాదు, ఆ పట్టణపు జనులకును వర్తించును. ఎందుకు చూడవలెను? రాబోవు తరమునకు వివరించి చెప్పుటకు. చివరకు కీర్తనకారుడు గోడలయొద్ద ఆగిపోలేదు. ఈ దేవుడే సదాకాలము మన దేవుడనియు, మరణము వరకు మనలను నడిపించుననియు చెప్పి ముగించెను. కావున చూచుట, లెక్కించుట, చెప్పుట, స్తుతించుట అను నాలుగును ఒకే త్రోవలోనివి.

ఈ మాట మన మూలపేటకు నేడు మరి యెక్కువగా కావలెను. 2023 ఏప్రిల్ 19న ఇచ్చట క్రొత్త ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. నాటినుండి ఈ తీరపు రూపు మారుచున్నది. మూలపేట, విష్ణుచక్రము గ్రామముల కుటుంబములు వేరొక చోటికి తరలు ఏర్పాటులను మనము ఎరుగుదుము. రేవు మంచిదో చెడ్డదో తీర్పు చెప్పుటకు మేము ఈ పుటలో పూనుకొనుట లేదు. పని దొరకునని ఆశపడువారున్నారు, నేల పోవునని దిగులుపడువారున్నారు, ఇద్దరును మన సంఘమువారే. మేమడుగునది ఇంతే: మన పిల్లలు ఈ తీరమును మునుపటి రూపులో చూడకపోవచ్చును, కావున నేడే వారిని చేయిపట్టుకొని త్రిప్పి చూపుదమా? అతిథితోకూడ మనమును చూతమా?

మొదటి దినము: పక్షులు, ఉప్పు, ఒడ్డు

తెల్లవారుజామున బయలుదేరి టెక్కలి మండలములోని తేలినీలాపురమునకు వెళ్లుడి. సెప్టెంబరునుండి మార్చి వరకు అచ్చటి చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. ఊరి నడుమ, ఇండ్ల ప్రక్కన ఉన్న చెట్లమీదనే అవి నివసించును. ఊరివారు వాటిని కొట్టరు, తోలరు. పక్షులు రానియెడల ఆ యేడు ఊరికి మేలు కలుగదని వారు చెప్పుకొందురు. శుభాశుభములు పక్షుల చేతిలో లేవని మనమెరుగుదుము, అయినను వాటియెడల వారు చూపు కనికరమునకు తల వంచవలెను.

ఇవి సైబీరియానుండి వచ్చునని మనవారు గొప్పగా చెప్పుదురు. అయితే ఈ రెండు జాతులును మన దేశములోనే నీరును మేతయు ఉన్న చోట్లకు మారుచు బ్రదుకు పక్షులని పక్షులను పరిశోధించువారు చెప్పుచున్నారు. చూడుడి, దూరదేశమునుండి వచ్చినదైతేనే గొప్ప యని మనకు తోచును! మన చెరువులలో, మన తంపర భూములలో మేసి, మన చెట్లపై పుట్టిన పక్షి అయినందున దాని అందము తగ్గునా? యిర్మీయా ప్రవక్త 8వ అధ్యాయములో కొంగ సహితము తన కాలము నెరుగుననియు, దేవుని జనులు మాత్రము ఆయన న్యాయవిధిని ఎరుగకున్నారనియు దుఃఖపడెను. 102వ కీర్తనలో శ్రమలోనున్న భక్తుడు తన్ను తాను గూడబాతుతో పోల్చుకొనెను. బైబిలులో చదివిన పక్షిని మన జిల్లాలోనే కన్నులార చూడగల భాగ్యము మనకున్నది. బిడ్డకు ఆ వచనమును చదివించి ఆ పక్షిని చూపుడి, అది వాని మనస్సులో నాటుకొనును.

అచ్చటనుండి నౌపడ ఉప్పు మడులకు రండి. నౌపడ రైలుస్టేషనుకును ఒక కథ ఉన్నది. 1900 సంవత్సరములో పర్లాకిమిడి రాజుగారు ఇచ్చటనుండి తమ పట్టణమునకు చిన్న రైలు వేయించిరి. తరువాత ఆ దారి గుణుపురము వరకు సాగినది. 2011లో అది పెద్ద రైలు మార్గముగా తిరిగి తెరువబడినది. పిల్లలు దీనిని విని సంతోషింతురు. అయితే వారిని స్టేషనులోనే విడువక మడుల గట్టుమీదికి తీసికొనిపోవుడి.

ఉప్పునీరు మడిలోనికి పారించుట, ఎండకు నీరు ఇగిరిపోవుట, అడుగున ఉప్పు పేరుకొనుట, దానిని పోగుచేసి కుప్పపెట్టుట, ఇదంతయు చూపుడి. ఎండ ఎంత ఎక్కువైన ఉప్పు అంత త్వరగా పండును. పనివారికి నీడ ఎంత కావలెనో పనికి ఎండ అంత కావలెను. వారి పాదములు ఎప్పుడును ఉప్పునీటిలోనే నానును. అకాలపు వాన ఒక్కటి కురిసెనా, దినముల కష్టము ఒక పూటలో కరగిపోవును. మన ప్రభువు తన శిష్యులను లోకమునకు ఉప్పు అని పిలిచినప్పుడు, ఆ మాట విన్న పల్లెవారికి ఉప్పు వెనుకనున్న చెమట తెలియకపోలేదు. అతిథి తన కూరలో వేసికొను చిటికెడు ఉప్పు ఎవరి చేతినుండి వచ్చెనో ఇచ్చట నేర్చుకొనును. ఆ గట్టుమీద పనిచేయు అక్కను, అన్నను పలుకరింపక ఫోటో మాత్రము తీసికొని రాకుడి.

సాయంకాలము భావనపాడు ఒడ్డునకు వెళ్లుడి. వలలు బాగుచేసికొను మత్స్యకారులను చూచినప్పుడు గలిలయ సముద్రతీరము జ్ఞాపకమునకు రాక మానదు. జనవరినుండి ఏప్రిల్ వరకు మన తీరమునకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోవును. ఏబది దినములు అటు ఇటుగా పిల్లలు బయటికి వచ్చి, సముద్రముపై నుండు వెలుగును గురుతుగా పెట్టుకొని నీళ్లలోనికి ప్రాకును. ఒడ్డున మనము పెట్టు దీపములు ప్రకాశమానముగా ఉన్నయెడల అవి దారి తప్పి, ఊరివైపు పోయి చచ్చును. తల్లిదండ్రులారా, దీనిని మీ పిల్లలకు చూపునప్పుడు మీరును ఆలోచించుడి. తప్పుడు వెలుగు చూపిన యెడల చిన్నవారు ఎటు పోవుదురు?

రెండవ దినము: ఉద్దానము, సోంపేట, బారువ

ఉద్దానము అను పేరు ఉద్యానము అను మాటనుండి వచ్చినదని చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస తోటల నీడలో దారి పొడుగునను నడువవచ్చును. జీడిచెట్టు మన దేశపుది కాదు, బ్రెజిలునుండి పోర్చుగీసువారు తెచ్చినది. పరదేశముగా వచ్చిన చెట్టు మన ఇసుకలో వేరుపారి నేడు వేలకొలది ఇండ్లకు అన్నము పెట్టుచున్నది. వలసపోయిన మన బిడ్డలను అన్యప్రదేశములలో ఎవరైనను ఇట్లే చేర్చుకొనవలెనని మనము కోరమా? అట్లయిన మన ఊరికి పనికై వచ్చిన పరాయివానిని మనమును చేర్చుకొనవలెను గదా.

పలాస, కాశీబుగ్గలలో అతిథులు జీడిపప్పు కొనక తిరిగిరారు. కొననిండు, మంచిదే. అయితే జీడిపిక్క పెంకులోని నూనె చర్మమును కాల్చునని వారికి చెప్పుడి. ఆ పిక్కలను కొట్టి, పప్పు విరుగకుండ తీసి, పొర ఒలిచి, తెల్లగా చేసి మనకందించు చేతులలో ఎక్కువ భాగము స్త్రీల చేతులే. తెల్లని పప్పు పళ్లెములో నుండును, నల్లబడిన వ్రేళ్లు తెరవెనుక నుండును. ఈ రెండును చూచినవాడే పలాసను చూచినవాడు.

ఉద్దానములో మరి రెండు సంగతులు దాచకుడి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు దగ్గరగా తీరము దాటినది. గంటకు 140-150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినది. తండ్రులు నాటిన కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగినవి. కొబ్బరి మొక్క నాటినవాడు కాయ చూచుటకు సంవత్సరములు కనిపెట్టవలెను. నరకబడిన చెట్టునకును నీటి వాసనచేత తిరిగి చిగిర్చుదునను నిరీక్షణ కలదని యోబు 14వ అధ్యాయములో చెప్పబడినది. క్రొత్తగా నాటిన తోట ప్రక్కన అతిథిని నిలువబెట్టి ఆ అధ్యాయము చదువుడి, ప్రసంగము అక్కరలేదు.

రెండవది మూత్రపిండముల వ్యాధి. మన ఉద్దానము పేరు దూరదేశముల వైద్యులకును తెలిసినది ఈ దుఃఖమువలననే. దీనికి నిశ్చయమైన కారణమేదో పరిశోధకులు ఇంకను తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధన కేంద్రమును తెరువబడినవి. వంశధార నీటిని హిరమండలమునుండి ఊళ్లకు తెచ్చు పథకమును అదే దినమున ప్రారంభించిరి. ఇవి మేలైన పనులు. అయినను డయాలసిస్‌కై వారమునకు రెండు మూడు మారులు వెళ్లివచ్చు కుటుంబము మన వీధిలోనే ఉన్నది. తోటల నీడను చూచి, ఆ నీడలో మంచముపై నున్నవానిని చూడక దాటిపోయినయెడల, లూకా 10వ అధ్యాయములోని యాజకుడును లేవీయుడును నడచిన ప్రక్కనే మనము నడచినవారమగుదుము. వారును ఆ దినమున ప్రయాణమే చేయుచుండిరి.

సోంపేటలో క్రైస్తవులమైన మనము తప్పక చెప్పుకొనవలసిన సంగతి కలదు. కెనడా బాప్టిస్టు మిషనువారు శ్రీకాకుళము, టెక్కలి, సోంపేటలలో సువార్త పనితో పాటు బడులు, వైద్యశాలలు నడిపిరి. సోంపేట ఆరోగ్యవరములో డాక్టరు బెన్ గల్లిసన్ గారు కంటిజబ్బులకు చికిత్స చేసిరి. ఆయన తన దేశమునకు వెళ్లినప్పుడు ఇచ్చటి బీదల కన్నులనుగూర్చి చెప్పగా విని, కెనడాలోని కాల్గరీ నగరములో కొందరు పూనుకొనిరి. ఆ విధముగా 1963లో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ పుట్టి, తరువాత అనేక దేశములలో అంధత్వ నివారణకు పనిచేసినది. ఆయనయు మొదట మన ఊళ్లకు అతిథిగా వచ్చినవాడే. వచ్చి సముద్రమును మాత్రము చూచి పోలేదు, మనుష్యుల కన్నులలోనికి చూచెను. పుట్టుగ్రుడ్డివానియొద్ద ఆగిన ప్రభువు అడుగుజాడ అదియే.

పొద్దు వాలునప్పుడు బారువ చేరుడి. మహేంద్రతనయ నది సముద్రమున కలియు చోటది. ఆకాశము తేటగా ఉన్నయెడల పడమట మహేంద్రగిరి కొండలు కనబడును. బారువ ఒకప్పుడు ఓడలాగిన రేవు. దక్షిణమున వంశధార ముఖద్వారమందున్న కళింగపట్నమును అట్టిదే. కళింగపట్నమునకు చేరువనున్న శాలిహుండము కొండపై పూర్వపు బౌద్ధుల స్తూపములున్నవి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వాటిని వెలుగులోనికి తెచ్చిరి. మూడవ దినము వీలైనయెడల అచ్చటికిని వెళ్లవచ్చును. ఆ రేవులలో సరకులు దిగిన దినములు పోయినవి. దీపస్తంభములును, ఇసుకయు, మత్స్యకారుల పడవలును మిగిలియున్నవి. క్రొత్త రేవు చూచుచున్న మూలపేటవారమైన మనము దీనిని మనస్సున పెట్టుకొనవలెను. రేవులు వచ్చును, రేవులు పోవును. మన ఆశను రేవుమీద కట్టుకొనరాదు, మన భయమును రేవుమీద కట్టుకొనరాదు.

అతిథిని త్రిప్పు విధము

ఇకను కొన్ని చిన్న బుద్ధిమాటలు. పక్షుల గూళ్లయొద్ద కేకలు వేయనీయకుడి, రాయి విసరనీయకుడి. తాబేలు గుడ్లు కనబడినచో ముట్టక అటవీశాఖవారికి చెప్పుడి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటిని కాపాడుచున్నది. ఒడ్డున ప్లాస్టిక్ సంచులు, సీసాలు విడిచిరాకుడి. సముద్రములో స్నానమునకు దిగుటకు ముందు ఆ ఒడ్డునగల మత్స్యకారుని అడుగుడి. కెరటము వెనుకకు లాగు చోట్లు అతనికి తెలియును, పట్నపు యువకునికి తెలియవు. పండుగ సంతోషము ఏడ్పుగా మారిన ఇండ్లను మనము చూచియున్నాము.

సంఘముగా మనము చేయదగినదియు కలదు. స్కాట్లాండు మొదలగు దేశములలో అనేక పల్లె దేవాలయములు, బాటసారి లోపలికి వచ్చి కూర్చుండి ప్రార్థించుకొనునట్లు పగటివేళ తలుపులు తెరచి యుంచును. మన దేవాలయమును పండుగ దినములలోనైనను పగలు తెరచియుంచి, వాకిట ఒక కుండ మంచినీళ్లు పెట్టలేమా? పాత సంగతులు తెలిసిన పెద్దలు ఇద్దరు అరుగుమీద కూర్చుండి, వచ్చినవారికి ఈ ఊరు ఎట్లున్నదో, సంఘమెట్లు పుట్టెనో చెప్పలేరా? యౌవనస్థులు ఆ మాటలను వ్రాసికొనలేరా? ఊరు తరలినను వ్రాసిన మాట తరలదు. ఆతిథ్యము చేయ మరువవద్దని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది. ఆతిథ్యమనగా కోడికూర మాత్రమే కాదు, అతిథికి మన కాలమును మన కథను పంచిపెట్టుటయును ఆతిథ్యమే.

లూకా 24వ అధ్యాయములో ఎమ్మాయు దారిన ఇద్దరు నడచుచుండిరి. పరాయివాడొకడు వారితో కలిసెను. యెరూషలేములో జరిగినది ఎరుగని బాటసారి యని వారాయనను భావించిరి. వారు ఆయనకు ఏమి చెప్పిరి? హేరోదు కట్టించిన దేవాలయపు అందమును చెప్పలేదు. తమ పట్టణమున జరిగిన సిలువను, తమ విరిగిన ఆశను, స్త్రీలు తెచ్చిన వింత వార్తను చెప్పిరి. తమ దుఃఖమును దాచక చెప్పినందుననే ఆయన లేఖనములను విప్పి వారికి బోధించెను. పొద్దు వ్రాలెనని బలవంతముచేసి ఆయనను ఇంట చేర్చుకొనిరి. రొట్టె విరిచినప్పుడు వారి కన్నులు తెరువబడెను. తాము త్రోవ చూపుచున్నామని తలచినవారికి అతిథియే త్రోవ చూపెను.

కావున ప్రియులారా, ఈ సారి మనుమడు అడిగినప్పుడు ఏమియు లేదని చెప్పకుడి. పక్షిని చూపుడి, ఉప్పును చూపుడి, తోటను చూపుడి. కష్టపడు చేతిని, మంచముపైనున్న పొరుగువానిని కూడ చూపుడి. ఇవన్నియు చేసినవాని పేరును, బాధపడువారితో బాధపడినవాని పేరును వానికి చెప్పుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా తీరమును, మా ఉప్పును, మా తోటలను నీవిచ్చితివి. చూచియు చూడని మా కన్నులను తెరువుము. ఇల్లు వాకిలి విడిచి తరలువారికి నీవే నివాసస్థలముగా నుండుము. వ్యాధితోనున్నవారిని బలపరచుము. మా ఇంటికి వచ్చు అతిథియందు నిన్ను గుర్తించు కృప దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.